ఒక చోట నేర్చుకున్న ప్రాణరక్షణ విద్య ఇంకో వాతావరణంలో ఎంతవరకు పనికొస్తుంది?

కొత్తబాట

అందరికీ నమస్కారం. అడవిలో గడపడం, నీళ్లు వెతుక్కోవడం, నిప్పు రాజేయడం అన్నీ నేను వేడిగా, పొడిగా ఉండే ప్రాంతంలోనే నేర్చుకున్నాను. ముళ్ల పొదలు, బండలు, వేసవిలో ఎండిపోయే వాగులు, నాకు బాగా తెలిసింది అదే. ఇప్పుడు పని మీద ఒక సర్వే బృందంతో ముందు ఎత్తైన చలి కొండలకి, ఆ తర్వాత ఏడాది పొడవునా వాన పడే అడవికి వెళ్లాల్సి వస్తోంది. గైడ్లు ఉంటారు, శాటిలైట్ ఫోన్ ఉంటుంది, ఒంటరిగా ఏమీ వెళ్లడం లేదు. కానీ ఏదో ఒకటి జరిగి ఒకటి రెండు రాత్రులు బయటే గడపాల్సి వస్తే నాకు తెలిసింది అక్కడ ఎంత పనికొస్తుందో అని టెన్షన్‌గా ఉంది.

సామాన్ల జాబితా అడగడం లేదండి. అది ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఆలోచించకుండా చేసేసే పనుల్లో అక్కడ ప్రాణం మీదకి తెచ్చేవి ఏవి? మధ్యాహ్నం నీడలో కదలకుండా ఉండి రాత్రి నడవడం, వదులుగా కాటన్ బట్టలు వేసుకోవడం, వాగు ఇసుకలో చెలమ తవ్వడం, దారి తప్పితే నీటి ప్రవాహం వెంబడి కిందికి దిగడం. ఇవన్నీ నాకు అలవాటైపోయాయి.

ఒంటరి_నడక

మరీ అంత కంగారు అక్కర్లేదు. మూడు సూత్రం ఎక్కడైనా ఒకటే. గాలి లేకుండా మూడు నిమిషాలు, విపరీతమైన వాతావరణంలో ఆశ్రయం లేకుండా మూడు గంటలు, నీళ్లు లేకుండా మూడు రోజులు, తిండి లేకుండా మూడు వారాలు. ఈ వరస గుర్తుంటే కొండైనా అడవైనా ఏం చేయాలో తెలిసిపోతుంది.

మంచుగాలి

ఒంటరి_నడక గారూ, ఆ సూత్రం ఏది ముందో ఏది తర్వాతో గుర్తుపెట్టుకోవడానికి మంచిదే. కానీ ఆ అంకెల్ని నమ్ముకుని కూర్చుంటే కష్టం. మండే ఎడారిలో నీళ్లు లేకుండా నడిచే మనిషికి మూడు రోజులు ఎక్కడివి? మంచు కరిగిన నీళ్లలో పడ్డవాడికి మూడు గంటలు ఎక్కడివి? ఆ అంకెలు ప్రతి చోటా మారిపోతాయి.

కొత్తబాట గారూ, మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నాను. మీరు ఇంతకాలం ఒంట్లో వేడిని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించే చోట బతికారు. చలి కొండల్లో అది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఒంటి వేడి దాచుకున్న డబ్బు లాంటిది, ఎక్కడ కారిపోతోందో చూసుకుంటూ ఉండాలి. మీ అలవాట్లన్నీ దాన్ని ఖర్చు పెట్టించేవే.

కాటన్ బట్టలే చూడండి. మీ ప్రాంతంలో చెమటను పీల్చుకుని నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఒళ్లు చల్లబడుతుంది, అదే దాని మేలు. కొండ మీద సరిగ్గా ఆ గుణమే ప్రమాదం. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుని రాత్రంతా ఆ పని చేస్తూనే ఉంటుంది. ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుతుంది, సింథటిక్ త్వరగా ఆరుతుంది. అందుకే ఒంటికి ఆనుకునే పొర ఈ రెండిట్లో ఒకటి అయ్యుండాలి.

చలిలో చెమట పట్టడం అనేది కొత్తవాళ్లకి నమ్మబుద్ధి కాదు. బరువు మోస్తూ ఎక్కుతున్నప్పుడు దుస్తులన్నీ వేసుకుని ఉంటే అరగంటలో లోపలి పొర తడిసిపోతుంది, ఆగగానే ఆ తడి మంచుగడ్డలా తగులుతుంది. అందుకని బయల్దేరే ముందే ఒక పొర తీసెయ్యాలి, కాస్త చలిగా అనిపిస్తూనే నడక మొదలుపెట్టాలి, ఆగిన క్షణమే మళ్లీ వేసుకోవాలి. చలేసేదాకా ఆగి వేసుకోవడం కాదు, ఆగగానే.

రాత్రి నడక పూర్తిగా మానెయ్యండి. ఎడారిలో రాత్రి స్నేహితుడు. ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత పడిపోతుంది, బండల మీద నీరు గడ్డకడుతుంది, అంచు ఎక్కడుందో కనిపించదు. చీకటి పడటానికి రెండు గంటల ముందే ఎక్కడ ఆగాలో తేల్చుకుని పని మొదలుపెట్టాలి. ఆఖరి వెలుగులో ఆశ్రయం కట్టుకోవడం మొదలుపెడితే అది పూర్తి కాదు.

ఎడారి_నీడ

మంచుగాలి గారు చెప్పింది నిజమే. అయితే వేడి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకి అంతా కొత్తే అనుకోవద్దు. నేల సంగతి తీసుకోండి. ఎడారిలో మధ్యాహ్నం నేల గాలి కంటే చాలా వేడిగా ఉంటుంది, అందుకే నేల మీద నేరుగా పడుకోకుండా ఒక అడుగు ఎత్తులో ఏదైనా పరుచుకుంటాం, లేదా పైపొర తవ్వేసి చల్లటి ఇసుక మీద కూర్చుంటాం. మంచులో కూడా ఇదే పని, కారణం తలకిందులు. అక్కడ నేల మీ వేడిని లాగేస్తుంది. కప్పుకోవడానికి ఏముందో చూసే ముందు కింద పరుచుకోవడానికి ఏముందో చూడండి. కొమ్మలు, ఎండుటాకులు, తాడు చుట్ట, ఖాళీ చేసిన సంచి, ఏదైనా సరే. మందంగా పరవాలి, ఎందుకంటే మన బరువుకి అది నలిగిపోతుంది.

ఇంకోటి, ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుంటారు. గాలిలో తేమ ఉండదు, ఆకాశంలో మబ్బు ఉండదు, కాబట్టి పొద్దు కుంకగానే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. పగలు వడదెబ్బ, రాత్రి వణుకు, రెండూ ఒకే రోజులో చూస్తాం. కాబట్టి రాత్రి చలిని తట్టుకునే అలవాటు మీకు ఎంతో కొంత ఉండే ఉంటుంది.

కొత్తబాట

అవును, అది నాకు తట్టలేదు. రాత్రిళ్లు బండ పక్కన పడుకునేవాళ్లం, పగలు పట్టిన వేడి చాలాసేపు ఉంటుందని. చలి కొండల్లో బండ ఎలా ఉంటుంది?

మంచుగాలి

చాలా చోట్ల బండ మిమ్మల్నే చల్లబరుస్తుంది. గాలికి అడ్డంగా వాడుకోండి, ఒరుసుకుని మాత్రం పడుకోవద్దు. లోయ అడుగున కూడా పడుకోవద్దు, చల్లటి గాలి బరువుగా ఉంటుంది కాబట్టి రాత్రిపూట కిందికి జారి అక్కడే నిలబడిపోతుంది. శిఖరం మీద గాలి, లోయలో చలి. వాలులో మధ్య ఎక్కడో చూసుకోవాలి.

మంచు ఎక్కువ ఉంటే మంచే మంచి ఇల్లు. దాని నిండా గాలి ఉంటుంది కాబట్టి వేడిని ఆపుతుంది. బయట సున్నా కింద 30 డిగ్రీలున్నా సరిగ్గా తవ్విన మంచు గుహలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరలో ఉంటుంది. పడుకునే అరుగు గుమ్మం కంటే ఎత్తులో ఉండాలి, అప్పుడే వెచ్చటి గాలి పైన నిలుస్తుంది. పైకప్పులో గాలి రంధ్రం తప్పనిసరి, దాన్ని మధ్యమధ్యలో కర్రతో పొడిచి తెరుస్తూ ఉండాలి. లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

నాడి

నేను అత్యవసర వైద్యంలో పనిచేస్తాను. హైపోథర్మియా అంటే మంచు పడేచోట వచ్చేదని అందరూ అనుకుంటారు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథర్మియా. దానికి మంచు అక్కర్లేదు. 10 డిగ్రీల వాతావరణంలో తడి బట్టలు, గాలి, అలసట, ఖాళీ కడుపు కలిస్తే చాలు. మొదట చేతివేళ్లు సరిగ్గా పనిచేయవు, మాట తడబడుతుంది, కాళ్లు తట్టుకుంటాయి, చిన్న విషయానికే చిరాకు. ఆ మనిషి తనకేం కాలేదనే అంటాడు. అందుకే పక్కవాళ్లు గమనించాలి.

ఫ్రాస్ట్‌బైట్ వచ్చిన, అంటే చలికి చర్మం, లోపలి కణజాలం గడ్డకట్టిన వేళ్లని మంచుతో రుద్దమని చెప్పే పాత సలహా ఇంకా తిరుగుతోంది. దయచేసి అలా చేయకండి, లోపలి కణజాలం చిరిగిపోతుంది. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట కరిగించనూ కరిగించకండి. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. సురక్షితమైన చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి.

మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ రక్తం చర్మం వైపు పరుగెత్తి లోపలి వేడి బయటికి పోతుంది. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అలలమీద

చల్లటి నీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నా. చలినీళ్లలో పడినప్పుడు గుర్తుంచుకోవడానికి 1-10-1 అని ఒకటి ఉంది. మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, ఆ నిమిషంలో ముఖం నీటిపైన ఉంచుకోవడం తప్ప ఇంకేం ఆలోచించకూడదు. తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్లు పనికొచ్చేలా ఉంటాయి, బయటపడే ప్రయత్నం అప్పుడే. ఆ తర్వాత స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చాలామంది చలికి కాదు, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగి పోతారు. లైఫ్ జాకెట్ ఎందుకు ముఖ్యమో ఇందులోనే ఉంది. మీ సర్వేలో కొండ సరస్సులు, వాగులు దాటే పని ఉంటే ఇది మనసులో పెట్టుకోండి.

ఎడారి_నీడ

నీళ్ల విషయానికి వద్దాం. వేడి ప్రాంతం వాళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు ఒకటుంది, సీసాలో నీళ్లు గుక్కెడు గుక్కెడు దాచుకోవడం. 1940లలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త బృందం కాలిఫోర్నియా ఎడారుల్లో సైనికుల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, దాచుకుంటే ఒంటికి ఒరిగేదేమీ లేదు. దాహం వేసినప్పుడు తాగాలి, పొదుపు చేయాల్సింది చెమటని. ఎండలో కష్టపడి పనిచేస్తే గంటకి లీటరు పైన చెమట పోతుంది, నీడలో కదలకుండా ఉంటే అందులో చిన్న భాగమే. సీసా నిండుగా ఉండగానే సొమ్మసిల్లి పడిపోయినవాళ్లు ఉన్నారు.

1994లో మొరాకోలో జరిగిన ఎడారి పరుగు పందెంలో మౌరో ప్రోస్పెరి అనే ఇటలీ ఆయన ఇసుక తుపానులో దారి తప్పి, తొమ్మిది రోజులకు పైగా బతికి, సరిహద్దు దాటి అల్జీరియాలో తేలాడు. గబ్బిలాల రక్తం తాగాడని అందరూ చెప్పుకుంటారు. నా దృష్టిలో ఆయన్ని కాపాడింది వేరే. ఉదయం, సాయంత్రం మాత్రమే నడిచి, ఎండ ముదిరాక దొరికిన నీడలో పడి ఉన్నాడు.

వానకారు

తడి అడవి గురించి నేను చెప్తాను. కొత్తబాట గారూ, మీరు అనుకుంటున్నంత సులువు కాదు అక్కడి వేడి. మీ ప్రాంతంలో చెమట పట్టగానే ఆవిరైపోయి ఒళ్లు చల్లబడుతుంది. తడి అడవిలో గాలి నిండా తేమే, చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు, అంటే చల్లబరచదు. థర్మామీటర్ చూస్తే మీ ఊళ్లో కంటే తక్కువే ఉంటుంది కాబట్టి మీరు మీ మామూలు వేగంతో నడిచేస్తారు. ప్రమాదం అక్కడే. వేగం సగం చేసుకోండి.

నాడి

దీనికి నాది ఒక్క మాట. పొడి వేడికి అలవాటుపడ్డ ఒళ్లు తడి వేడికి కొంత సిద్ధంగా ఉంటుంది కానీ పూర్తిగా కాదు. పైగా చలి కొండల్లో కొన్ని వారాలు గడిపితే ఉన్న అలవాటు కూడా పోతుంది. కొత్త వేడికి ఒళ్లు సర్దుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం దిగుతుంది. మొదటి వారం పని తక్కువ పెట్టుకోండి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగకండి, రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు.

వానకారు

ధన్యవాదాలు నాడి గారూ. ఇక పాదాలు. పొడి నేలలో నడిచేవాళ్లు పాదాల గురించి ఆలోచించరు. తడి అడవిలో బూట్లు తడవకుండా ఉంచడం జరగని పని, దాని మీద శక్తి వృథా చేయకండి. పగలు తడి మేజోళ్లతోనే నడవండి, కానీ రాత్రి పడుకోవడానికి ఒక జత పొడి మేజోళ్లు, పొడి బట్టలు నీళ్లు చొరని సంచిలో ఉండాలి. వాటిని పగలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు. పొద్దున్నే మళ్లీ ఆ తడి బట్టలే తొడుక్కోవాలి. చాలా చిరాగ్గా ఉంటుంది, అయినా అలాగే చేయాలి. రాత్రి ఎనిమిది గంటలు పాదం ఆరితే చర్మం నిలబడుతుంది, లేకపోతే నాలుగో రోజుకల్లా చీరుకుపోయి నడక ఆగిపోతుంది.

నేల మీద పడుకోకండి, నీళ్లు, చీమలు, జెర్రులు అన్నీ నేల మీదే. హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టే ఊయల పడక), దాని పైన టార్ప్ (నీళ్లు చొరని కప్పు గుడ్డ), దోమతెర. కట్టే ముందు తలెత్తి పైకి చూడండి, ఎండిన కొమ్మ వేలాడుతుంటే ఆ చెట్టు వద్దు. ఆ అడవుల్లో పాము కంటే కొమ్మే నాకు భయం.

మంచుగాలి

ఆ హ్యామక్‌నే చలి కొండలకి తీసుకెళ్తే గాలి వీపు కింద నుంచి పోతుంది, స్లీపింగ్ బ్యాగ్ మన బరువుకి అణగారి ఎందుకూ పనికిరాదు. కింద మందపాటి పరుపు లేకపోతే నేల మీదే మేలు.

ఒంటరి_నడక

సరే, కొన్ని పద్ధతులు మారతాయని ఒప్పుకుంటాను. కానీ నిప్పు? నిప్పు ఎక్కడైనా నిప్పే కదా. లైటర్, కాస్త దూది ఉంటే ఏ వాతావరణమైనా ఒకటే.

వానకారు

నిప్పే అన్నిటికంటే ఎక్కువ మారుతుందండి. పొడి ప్రాంతంలో నిప్పు రాజేయడం కాదు, అది పాకకుండా ఆపడం సమస్య. గాలి వీచే ఎండు గడ్డిలో నెగడు వేయకపోవడమే అక్కడి నైపుణ్యం. తడి అడవిలో నేల మీద దొరికే చితుకులన్నీ లోపలిదాకా నానిపోయి ఉంటాయి. నిలబడి ఎండిన సన్నటి మాను కొట్టి, బెరడు తీసి, చీల్చి, లోపలి పొడి భాగాన్ని చెక్కుళ్లుగా చెక్కుకోవాలి. మీరు అనుకున్న దానికి మూడింతలు చెక్కుకున్నాకే వెలిగించాలి. మధ్యలో ఆరిపోతే మళ్లీ మొదటినుంచి.

మంచుగాలి

మంచులో ఇంకో తంటా. నేరుగా మంచు మీద వెలిగిస్తే కరిగి అందులోనే మునిగి ఆరిపోతుంది, కింద పచ్చి దుంగలు పేర్చి వాటి మీద వెలిగించాలి. మంచు మోస్తున్న చెట్టు కింద అసలే వద్దు, వేడికి పైనున్న మంచంతా ఒక్కసారి పడుతుంది. ఇక లైటర్ సంగతి. అందులో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది. లైటర్‌ని బయటి జేబులో కాకుండా ఒంటికి ఆనుకునేలా లోపలి జేబులో ఉంచుకోవాలి. ఫోనూ, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలూ అక్కడే.

నీళ్ల ఫిల్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. సన్నటి గొట్టాలతో చేసిన ఫిల్టర్ ఒకసారి వాడి తడిగా ఉండగా గడ్డకడితే లోపల చిట్లుతుంది. బయటికి ఏమీ తెలియదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములతో సహా. రాత్రి దాన్ని కూడా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. ఎత్తు మీద నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది కాబట్టి మామూలుగా 1 నిమిషం మరిగిస్తే చాలినది 2000 మీటర్లు దాటాక 3 నిమిషాలు మరిగించాలి.

దాహమేస్తే మంచు నోట్లో వేసుకోవద్దు. ఒక గ్రాము మంచు కరగడానికే 80 కేలరీల (తిండి లెక్కలో చెప్పే కిలోకేలరీలు కాదు) వేడి కావాలి, అది మీ ఒంట్లోంచే పోతుంది. కరిగించి తాగండి. సీసాలో అడుగున కాస్త నీళ్లు మిగిలి ఉండగానే మంచు నింపి కోటు లోపల పెట్టుకుంటే నడుస్తుండగా కరుగుతుంది.

అలలమీద

పరికరం ఒకటే, చోటు మారితే ఫలితం మారడానికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఎండతో నీటిని ఆవిరి చేసి పట్టుకునే సోలార్ స్టిల్. ఎడారిలో గొయ్యి తవ్వి ప్లాస్టిక్ కప్పమని చెప్తుంటారు, ఎండిన నేలలో అది తవ్వడానికి పోయే చెమట కంటే వచ్చే నీళ్లు తక్కువ కావచ్చు. అదే సముద్రంలో ఆవిరి కావాల్సిన నీటికి కొదవ లేదు, తవ్వే పనీ లేదు. 1982లో స్టీవెన్ కాలహన్ అట్లాంటిక్‌లో రబ్బరు తెప్ప మీద 76 రోజులు బతికింది అలాంటి స్టిల్స్‌ని పదే పదే బాగుచేసుకుంటూ.

సముద్రపు నీళ్లు లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు, మన మూత్రపిండాలు అంత చిక్కటి ఉప్పుని బయటికి పంపలేవు, కాబట్టి తాగిన దానికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది.

చుక్కలదారి

దిక్కుల గురించి కూడా చూసుకోండి. భూమధ్యరేఖకి ఉత్తరాన దూరంగా ఉన్నవాళ్లు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడని లెక్క వేస్తారు. దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు ఉంటాడు. భూమధ్యరేఖ దగ్గర మధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు, ఏడాదిలో కొన్ని నెలలు ఒక వైపు, కొన్ని నెలలు ఇంకో వైపు. గడియారం ముల్లుతో దిక్కు చూసే పద్ధతి అక్కడ దారి తప్పిస్తుంది. ధ్రువ నక్షత్రం మీరున్న అక్షాంశం ఎంతో అంత ఎత్తులో కనిపిస్తుంది, భూమధ్యరేఖ దగ్గరికి వెళ్లేకొద్దీ దిగజారి, దాటాక మాయమవుతుంది. దట్టమైన అడవిలో అసలు ఆకాశమే కనిపించదు, అక్కడ దిక్సూచి, అడుగుల లెక్క, చెట్ల మీద గుర్తులు, అంతే.

నాచు ఉత్తరం వైపే పెరుగుతుందని నమ్మకండి. తడి అడవిలో అన్ని వైపులా పెరుగుతుంది.

కొత్తబాట

ప్రవాహం వెంబడి దిగడం గురించి ఎవరూ చెప్పలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన సందేహం అదే.

వానకారు

తడి అడవిలో ఇది నిజంగా ప్రాణం నిలబెట్టింది. 1971 డిసెంబర్ 24న పెరూలో విమానం కూలినప్పుడు జూలియన్ కోప్కె అనే 17 ఏళ్ల అమ్మాయి ఒక్కతే బతికింది. తల్లిదండ్రులు ఆ అడవిలోనే పరిశోధన చేసేవాళ్లు, నీరు నీటిని చేరుతుంది, పెద్ద నది పక్కన మనుషులుంటారని ఆమెకి తెలుసు. చిన్న ఊట వెంబడి వాగుకి, వాగు వెంబడి నదికి, మొత్తం 11 రోజులకి మనుషుల్ని చేరుకుంది.

మంచుగాలి

అదే పని నిటారు కొండల్లో చేస్తే ఇరుకు లోయలో దిగిపోతారు, ముందు జలపాతం, వెనక ఎక్కలేని గోడ. ఒళ్లు తడుస్తుంది, పైనుంచి వెతికేవాళ్లకి కనిపించరు, హోరులో విజిల్ కూడా వినిపించదు. కొండల్లో దారి తప్పితే వచ్చిన దారినే వెనక్కి, లేదా ఉన్నచోటే ఆగి ఖాళీ చోట గుర్తులు పెట్టడం. నీటిని కంటికి కనిపించేంత దూరంలో పెట్టుకుని వాలు మీద నడవొచ్చు, నీటి దారిలోకి మాత్రం దిగొద్దు.

ఎడారి_నీడ

ఎండిన వాగు సంగతి కూడా ఇందులోనే వస్తుంది. చెలమ పగలు తవ్వుకోండి, నీళ్లు తీసుకోండి, గట్టెక్కి పడుకోండి. ఎక్కడో దూరాన వాన పడితే ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే వరద వచ్చేస్తుంది. మోకాలికి చాలా కిందే, 15 సెంటీమీటర్ల లోతున్న ప్రవాహమైనా వేగంగా ఉంటే పెద్ద మనిషిని పడేస్తుంది.

ఒంటరి_నడక

కదలాలా, ఆగాలా అనేది అసలు ఎలా తేల్చుకోవాలి మరి? కోప్కె నడిచింది కాబట్టి బతికింది. మంచుగాలి గారు ఆగమంటున్నారు.

చుక్కలదారి

మనం ఎక్కడున్నామో బయటివాళ్లకి తెలుసా అన్నదాని మీద ఉంటుంది. దారి, తిరిగొచ్చే సమయం ఎవరికైనా చెప్పి వెళ్తే ఆగడం దాదాపు ఎప్పుడూ మంచిది. 1972 అక్టోబర్ 13న ఆండీస్‌లో కూలిన ఉరుగ్వే విమానం వాళ్లు ఆగారు. వెతుకులాట ఆపేశారని రేడియోలో విన్నాక లెక్క మారిపోయింది. చివరికి వాళ్లలో ఇద్దరు, నాండో పరాడో, రాబర్టో కనెస్సా, 10 రోజులు నడిచి మనుషుల్ని చేరుకున్నారు, మొత్తం 16 మంది 72 రోజుల తర్వాత బయటపడ్డారు. వాళ్లలో చాలామంది అంతకుముందు మంచునే చూడలేదు. సీట్ల లోహపు రేకుల మీద ఎండకి మంచు కరిగించుకున్నారు, సీటు మెత్తల్ని పాదాలకి కట్టుకుని మంచులో దిగబడకుండా నడిచారు, విమానం ఇన్సులేషన్‌తో స్లీపింగ్ బ్యాగ్ కుట్టుకున్నారు. ఎవరూ నేర్పలేదు. ఇక్కడ వేడి ఎటు పోతోంది, నీళ్లు ఎందులో ఉన్నాయి, కాలు ఎందుకు దిగబడుతోంది అని ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లారు.

వానకారు

2023లో కొలంబియా అడవిలో విమానం కూలాక నలుగురు పిల్లలు 40 రోజులు బతికారు, పెద్దమ్మాయికి 13 ఏళ్లు. విమానంలో దొరికిన కర్రపెండలం పిండి తిన్నారు, అది అయిపోయాక ఏ కాయ తినొచ్చో ఆ అమ్మాయికి ఇంట్లోవాళ్లు నేర్పిన విద్యే ఆసరా అయింది. కొత్తబాట గారూ, మీ గైడ్ల దగ్గర మొదటి రోజే కూర్చోండి.

మంచుగాలి

ఇది నేను గట్టిగా సమర్థిస్తాను. నార్వే అన్వేషకుడు అమండ్‌సెన్ 1903 నుంచి కొన్నేళ్లు ఆర్కిటిక్‌లో అక్కడి స్థానికులైన నెట్సిలిక్ ఇన్యూట్ల పక్కన గడిపి బొచ్చు దుస్తులు ఎలా వేసుకోవాలో, కుక్కల బండి ఎలా నడపాలో వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. వదులుగా వేసుకుంటే లోపల గాలి ఆడి చెమట పట్టదనేది వాళ్ల విద్యే. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరింది ఆ బలంతోనే.

ఎడారి_నీడ

నేర్చుకుంటే పూర్తిగా నేర్చుకోవాలి. 1861లో ఆస్ట్రేలియా నడిబొడ్డున బర్క్, విల్స్ అనే అన్వేషకులు యాండ్రువాండా ప్రజలు తినే నార్డూ అనే మొక్క నుంచి చేసే పిండి తిన్నారు. ఆ ప్రజలు దాన్ని సిద్ధం చేసే తీరులో విషగుణం పోతుంది. వీళ్లు ఆ పద్ధతి సరిగ్గా పాటించలేదు. అందులో విటమిన్ బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, కడుపు నిండా తింటూనే చిక్కిపోయారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు. వాళ్లతో ఉన్న జాన్ కింగ్‌ని యాండ్రువాండా వాళ్లు తమతో ఉంచుకుని బతికించారు.

కొత్తబాట

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. వెళ్లడానికి ఇంకా టైమ్ ఉంది, ఇక్కడ ఉండగా ఏం సాధన చేయొచ్చు? నా చుట్టూ మంచూ లేదు, వానా లేదు.

మంచుగాలి

చేతులు ఐసు నీళ్లలో ముంచి, వేళ్లు మొద్దుబారాక లైటర్ వెలిగించండి, ముడి వేయండి, జిప్ తీయండి. పక్కన ఒక మనిషి ఉండాలి, వేళ్లు నొప్పెడితే ఆపెయ్యాలి. ఏ పని చేయలేకపోతున్నారో తెలుస్తుంది, దాని బట్టి సామాను మార్చుకోండి. చిన్న జిప్‌కి తాడు ముక్క కట్టడం లాంటివి అప్పుడే తడతాయి.

వానకారు

చెక్క ముక్కల్ని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి వాటితోనే నిప్పు రాజేయండి, కాల్చడానికి అనువైన సురక్షితమైన చోట. కళ్లు మూసుకుని టార్ప్ కట్టడం కూడా నేర్చుకోండి, అక్కడ చీకటి చాలా త్వరగా పడుతుంది.

నాడి

కొండల్లో 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకండి. తలనొప్పి, వికారం ఉంటే పైకి వద్దు. నడక తూలినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా రాత్రైనా సరే కిందికి దింపెయ్యాలి. రాత్రి నడవొద్దని పైన అన్నారు, దానికి మినహాయింపు ఇదొక్కటే.

మంచుగాలి

ఒప్పుకుంటున్నాను. తాడుతో, తోడుతో, దీపాలతో.

కొత్తబాట

చివరిగా ఒకటి. రాత్రి బూట్లు ఎక్కడ పెట్టాలి? నేను ఎప్పుడూ పక్కనే వదిలేసి పొద్దున్నే తేళ్ల కోసం దులిపి వేసుకుంటాను.

మంచుగాలి

చలిలో బయట వదిలితే తెల్లారేసరికి రాయిలా గడ్డకడతాయి, కాలు దూరదు. తడి దులిపి, సంచిలో చుట్టి, స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

వానకారు

తడి అడవిలో రెండు కర్రలు నేలలో పాతి వాటికి తలకిందులుగా తగిలించండి, టార్ప్ కిందే ఉండేలా. దులిపి వేసుకునే అలవాటు మాత్రం అలాగే ఉంచుకోండి.